‘కనబడలేదు’ అన్న పద్దు



రైల్వే గుమాస్తాకు రిజిస్టరు తప్ప మరేమి తెలుసునని మీరనవచ్చు. బ్రిటనులో కొందరు సరదాకొద్దీ అడవి జంతువులను కనిపెట్టి వ్రాసుకొనే రిజిస్టరు గురించే చెబుతాను. ఏ జంతువు, ఎక్కడ, ఏనాడు, చూచినదెవరు? ఈ నాలుగూ ఉంటేనే అక్కడ పద్దు.

ఆ జంతువులు చాలామట్టుకు రాత్రి తిరిగేవి. ముఖాన నలుపు తెలుపు చారలుండే బాడ్జరును చూడాలంటే, పొద్దుగూకకముందే దాని బొరియ దగ్గర, గాలి దానివైపు నుంచి మనవైపు వీచేచోట, కదలక మెదలక కూర్చోవాలి. ఎర్నెస్ట్ నీల్ అనే బడిపంతులు అలా కూర్చొని కూర్చొని 1948లో దానిపై ఒక గ్రంథమే వ్రాశాడు. కొమ్మలపై తిరిగే డార్‌మౌస్ అనే చిన్న ప్రాణి అసలు కంటనేపడదు. అది కొరికిన హేజెల్ కాయ చిప్పకు మాత్రం నున్నని గుండ్రని రంధ్రముంటుంది. 1993లో జనం అడవుల్లో ఆ చిప్పలనే ఏరి, అది ఎక్కడెక్కడ ఉన్నదో తేల్చారు.

1876లో అమెరికా బూడిదరంగు ఉడుతను తెచ్చి అక్కడ వదిలారు. ఆ తర్వాత స్వదేశపు ఎర్ర ఉడుత చోటుచోటునా మాయమైంది. అటువంటి సంగతి తెలియాలంటే ‘కనబడలేదు’ అన్నదీ తేదీ వేసి వ్రాయాలి. ఈ ముక్క నాకు తగిలింది. ఒక వానరాత్రి బండిపెట్టెలు లెక్కించకుండా నిన్నటి అంకెనే దింపినవాణ్ణి నేను.

మా గూడ్సు షెడ్డు వెనుక ఒక ముంగిస ఉంది. ఈ నెల నాలుగు సాయంత్రాలు దానికోసం కూర్చున్నాను. మూడింట ‘కనబడలేదు’.