పేరు మారింది, పని మారిందా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగ్రవాదం పేరు చెప్పి ప్రభుత్వాలు జరిపే సైనిక చర్యలకు ఏయే పేర్లు పెడుతున్నారో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. పేరు ఏదైతేనేం అని కొందరనుకోవచ్చు. కాని ఇంట్లో బిడ్డ పుడితే మనం ఎంత ఆలోచించి పేరు పెడతామో, ప్రభుత్వాలు యుద్ధానికీ అంత ఆలోచించే పేరు పెడతాయి. యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతుంది. మన దాకా వచ్చేది ముందుగా ఆ పేరే.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో ఉగ్రవాదులు సుమారు 3,000 మందిని పొట్టన పెట్టుకున్నారు. అది ఘోరపాపమని చెప్పడానికి మనలో ఎవరూ తడుముకోనక్కరలేదు. సెప్టెంబరు 16న అధ్యక్షుడు జార్జి బుష్ రానున్న పోరాటాన్ని ‘క్రూసేడ్’ అన్నారు. పూర్వం యూరపు సైన్యాలు జెరూసలేం కోసం ముస్లింల మీదికి దండెత్తిన యుద్ధాల పేరది. అభ్యంతరాలు రాగానే ఆయన ప్రతినిధి విచారం వెలిబుచ్చారు. సైనిక చర్యకు మొదట అనుకున్న పేరు ‘ఇన్ఫినిట్ జస్టిస్’, అనగా అంతులేని న్యాయం. అటువంటి న్యాయం అల్లాహ్ ఒక్కడిదే గదా అని ముస్లింలు అభ్యంతరం చెప్పారు. సెప్టెంబరు 25న రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ ‘ఎండ్యూరింగ్ ఫ్రీడమ్’ అనే కొత్త పేరు ప్రకటించారు. అంటే చిరకాలం నిలిచే స్వేచ్ఛ అన్నమాట.

మాట విన్నారు, మంచిదే. కాని అక్టోబరు 7 నుండి ఆఫ్ఘనిస్తాన్‌లో బాంబులు పడ్డాయి. పేరు మారినంత మాత్రాన వాటి బరువు తగ్గలేదు.

అన్నిటికంటె పెద్ద పేరు ‘ఉగ్రవాదంపై యుద్ధం’. ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి. హత్యను నేరమంటే పోలీసులు రావాలి, సాక్ష్యం కావాలి, కోర్టు తీర్పు చెప్పాలి. యుద్ధమంటే సైన్యం విచారణ లేకుండానే శత్రువును కాల్చవచ్చు. అయితే యుద్ధానికీ చట్టం ఉన్నది. 1949 నాటి జెనీవా ఒప్పందాలు యుద్ధఖైదీలకు హక్కులిచ్చాయి. 2002 జనవరి 11న గ్వాంటనామో జైలుకు మొదటి ఖైదీలను తెచ్చారు. ఫిబ్రవరి 7న బుష్, తాలిబాన్, అల్ ఖైదా ఖైదీలు యుద్ధఖైదీలు కారని నిర్ణయించారు. కాల్చడానికేమో యుద్ధం, హక్కు ఇవ్వవలసి వచ్చేసరికి వాళ్లు యుద్ధఖైదీలు కారు! పుచ్చుకునేటప్పుడు ఒక తూనిక, ఇచ్చేటప్పుడు మరొక తూనిక. ఆ జైలుకు దాదాపు 780 మందిని తెచ్చారు. వారిలో అత్యధికులను ఏ నేరమూ మోపకుండానే, కొందరిని ఏండ్ల తరబడి ఉంచి, పంపివేశారు. 2006 జూన్ 29న హమ్దాన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టే జెనీవా ఒప్పందాల కనీస రక్షణ వీరికీ వర్తిస్తుందని తీర్పు చెప్పవలసి వచ్చింది.

2009లో ఒబామా ప్రభుత్వం వచ్చాక ‘ఉగ్రవాదంపై యుద్ధం’ అనే మాటను పక్కన పెట్టి ‘ఓవర్సీస్ కంటింజెన్సీ ఆపరేషన్’ అన్నారు. వింటే ఆఫీసు ఫైలు పేరులాగా ఉంటుంది. కాని 2001లో చేసిన యుద్ధాధికార చట్టం అట్లాగే ఉన్నది. పాకిస్తాన్‌లో డ్రోన్ దాడులు తగ్గకపోగా పెరిగాయి. ఇరాక్‌లో 2003 నాటి ‘ఇరాకీ ఫ్రీడమ్’ 2010 సెప్టెంబరు 1న ‘న్యూ డాన్’, అంటే కొత్త ఉదయం అయింది. ఆ ఉదయాన కూడా సుమారు 50,000 మంది అమెరికా సైనికులు అక్కడే ఉన్నారు.

ఇది ఒక్క అమెరికా అలవాటు కాదు. 1954-62 మధ్య అల్జీరియాలో జరిగినది యుద్ధమేనని ఫ్రాన్సు చట్టరీత్యా ఒప్పుకున్నది 1999లో. మన హైదరాబాద్ మాటకు వస్తే, 1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు వచ్చినది సైన్యం, ట్యాంకులతో సహా. పేరు మాత్రం ‘పోలీసు చర్య’. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, దాచనక్కరలేదు. ఆ తరువాత మామూలు ముస్లింల మీద జరిగిన మారణకాండ కూడా నిజమే. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా 27,000 నుండి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి ప్రచురించలేదు. పోలీసు చర్య అంటే లాఠీలు గుర్తుకు వస్తాయి గాని, శవాలు గుర్తుకు రావు. పేరు చేసే పని అదే.

కాబట్టి మన యువకులకు నా మనవి. పత్రికలో కొత్త పేరు కనబడగానే పొంగిపోవద్దు, మండిపడవద్దు. ఎవరు చనిపోయారు? పట్టుబడినవారిని ఏ కోర్టు ముందు పెట్టారు? ఏ చట్టం కింద? ఈ పని ఎప్పటికి ముగుస్తుంది? ఇవి అడగండి. ఇదే తూనిక మనకూ ఉండాలి. ఎవడైనా అమాయకులను చంపి దానికి జిహాద్ అని పేరు పెడితే, అదీ దొంగపేరే. ఇతరుల దొంగపేరును నిలదీసే నోటితోనే దీనినీ నిలదీయాలి. అప్పుడే మన మాటకు విలువ.