జబ్బ నొస్తే రొమ్మునూ చూడండి



ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా ఉన్న పుల్లల చుట్టూ దారం తిప్పుతూ, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. రెండు చీరలైతే 18,000. ఆమె జబ్బలు నొప్పితో పీకేవి. అది చూడలేక ఆ కొడుకు ఏళ్లతరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంజనీరింగ్ చదవని మనిషి పనినే మార్చాడు. ఈ రోజు ఫిజియోథెరపీ పట్టా అందుకుంటున్న మీరు శరీరం చదివారు, మీరేం చూడాలి?

జబ్బ నొప్పితో ఎవరైనా వస్తే రొమ్ములోని పెక్టొరాలిస్ మైనర్‌ను మరవకండి. మూడు, నాలుగు, అయిదో పక్కటెముకల నుంచి వచ్చి రెక్క ఎముక ముందు కొసను పట్టుకునే చిన్న కండరం. అది బిగుసుకుంటే రెక్క ఎముక ముందుకు ఒరుగుతుంది. చెయ్యి పూర్తిగా పైకెత్తే 180 డిగ్రీల్లో సుమారు 60 ఆ ఎముక తిరగడం వల్లే వస్తాయి. అది సరిగా తిరగకపోతే భుజం కీలు పైనున్న సందు ఇరుకై, చెయ్యెత్తినప్పుడల్లా ఆ సందులోని టెండన్ నలిగే ముప్పు పెరుగుతుంది. అందుకే నొప్పి ఉన్న చోట మాత్రమే నొక్కి చూసి పంపేయకండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఏ భుజం బల్లకు ఆనకుండా లేచి ఉందో గమనించండి.

దర్వాజకు చెయ్యి ఆనించి రొమ్ము సాగదీయడం ఎవరైనా నేర్పుతారు. వీపు వైపు కండరాలకు బలం రాకపోతే ఆ సాగు నిలవదు. నారాయణపేట, గద్వాల గుంత మగ్గాల మీద వంగి కూర్చునేవాళ్లకు, నల్గొండ చేన్లలో పత్తి ఏరేవాళ్లకు, పాలమూరు నుంచి వలసపోయి తట్టలు మోసేవాళ్లకు సాగూ బలమూ రెండూ కావాలి. వాళ్లకు విడిగా గంట తీరిక దొరకదు. పని మధ్యలో చేసుకోగలిగిందే చెప్పండి. వీలైతే మగ్గం దగ్గరికే వెళ్లి, కూర్చునే తీరు చూసి చెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. రొమ్ము పట్టేసిందంటూ వచ్చిన మనిషికి చెమటలు పడుతున్నా, ఆయాసం వస్తున్నా, నొప్పి ఎడమ చేతికి పాకుతున్నా వ్యాయామం చేయించొద్దు. ముందు 108కి ఫోన్ చేయండి.