ఊరు ప్రశాంతంగా ఉందంటే...

(రైతు సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)



"మా ఊళ్లో ఏ గొడవా లేదు, ప్రశాంతంగా ఉంది" అని మనం గొప్పగా చెప్పుకుంటాం. గొడవ లేకపోవడమే శాంతి అయితే, సంఘం రాకముందు విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలోని పల్లెలు కూడా ప్రశాంతంగానే ఉన్నాయి. వెట్టికి పిలుపొస్తే చేతిలో పని వదిలేసి పోవాల్సిందే. నోరెత్తేవారు లేరు. జనం సంఘం పెట్టుకుని ఊరేగింపు తీశాక, 1946 జూలై 4న కడవెండిలో తుపాకీ పేలింది. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పుడు అందరికీ హింస కనబడింది. మరి అది ఆ రోజే మొదలైందా? అంతకుముందు తరతరాలుగా సాగిన వెట్టిని ఏమనాలి?

ఇవాళ వెట్టి లేదు. కానీ తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, దున్నిన కౌలు రైతుకు అందలేదు. వడ్డీకి తెచ్చి సాగు చేసిన కౌలుదారు పంట పోయి పురుగుమందు తాగితే, దాన్ని శాంతిభద్రతల సమస్య అని ఎవరూ అనరు. అదే గిట్టుబాటు ధర కోసం మనం రోడ్డు మీద కూర్చుంటే, గంట తిరక్కుండా పోలీసు వ్యాను వస్తుంది.

అయితే అన్యాయం జరిగింది కాబట్టి మనం ఏం చేసినా చెల్లుతుందా? చెల్లదు. 2021 అక్టోబర్ 3న లఖింపూర్ ఖేరీలో వాహనాల కింద పడి నలుగురు రైతులు, ఒక విలేకరి చనిపోయారు. ఆ వెంటనే జరిగిన దాడిలో మరో ముగ్గురు చనిపోయారు. ఆ ముగ్గురి ఇళ్లలోనూ ఏడ్చేవాళ్లున్నారు. ఈ మాట మన వేదిక మీద మనమే చెప్పుకోవాలి.

ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు 2020 నవంబర్ నుంచి ఏడాదికి పైగా కూర్చున్నారు. రోడ్డుకు మేకులు కొట్టినా కదల్లేదు. లంగర్లలో వండి వచ్చినవారందరికీ అన్నం పెట్టారు. చివరికి 2021 నవంబర్‌లో మూడు చట్టాలూ రద్దయ్యాయి. శాంతి అంటే నోరు మూసుకోవడం కాదని, నిలబడి అడగడమని వాళ్లు చూపించారు.

కాబట్టి రెండు పనులు పెట్టుకుందాం. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలోనే తన ఊరి కౌలు రైతుల ఇళ్లకు వెళ్లి, వాళ్ల అప్పులూ కష్టాలూ అడిగి రాసుకోవాలి. ధర్నాలో ఎవరైనా రాయి అందుకుంటే, ఆ చెయ్యి ముందు మనమే పట్టుకోవాలి.

"గొడవలెందుకు, సర్దుకుపోండి" అనేవారు మళ్లీ వస్తారు. వాళ్లను ఒక్కటే అడుగుదాం: ప్రతిసారీ సర్దుకుపోవాల్సింది రైతేనా?