పాయేయాలో గరిటె ఎందుకు పెట్టకూడదు?

ఈరోజు స్పెయిన్ వెళ్దాం. స్పెల్లింగ్ చూసి చాలామంది పాయెల్లా అంటారు కానీ, స్పెయిన్‌లో ఎక్కువగా వినిపించేది పాయేయా.

అసలు పాయేయా అంటే వాలెన్సియా భాషలో పెనం! వెడల్పుగా, లోతు తక్కువగా, రెండు చెవులతో ఉంటుంది. ఆ పెనం పేరే వంటకి వచ్చేసింది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, మిగతా రూల్స్ అన్నీ ఈజీగా అర్థమవుతాయి.

స్పెయిన్‌లో వరి సాగు మొదలుపెట్టింది అరబ్బులు. వాలెన్సియా సిటీ పక్కన అల్బుఫేరా అనే సరస్సు ఉంది, దాని చుట్టూ ఇప్పటికీ వరి పొలాలే. పొలం పనివాళ్లు మధ్యాహ్నం అక్కడే కట్టెల మంట మీద వండుకున్న అన్నం ఇది. అందుకే పాత పద్ధతిలో రొయ్యలు ఉండవు. చికెన్, కుందేలు మాంసం, వెడల్పు బీన్స్, పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, ఆలివ్ ఆయిల్, కుంకుమపువ్వు, అంతే. రొయ్యలు, చేపలు వేసేది వేరే వెర్షన్.

2016లో బ్రిటిష్ చెఫ్ జేమీ ఆలివర్ ఇందులో చొరీసో అనే పంది మాంసం సాసేజ్ వేశాడు. సోషల్ మీడియాలో స్పెయిన్ వాళ్లు ఆయన్ని ఒక ఆట ఆడుకున్నారు! అంత కోపం దేనికంటే, సాసేజ్ ఘాటు మిగతా రుచుల్ని మింగేస్తుంది. ఇక్కడ హీరో మాంసం కాదు, అన్నం.

ఇక ఇంట్లో ఎలా చేయాలి? నలుగురికి 400 గ్రాముల బియ్యం, 40 సెంటీమీటర్ల పెనం. బాస్మతి వద్దు. పొట్టి గింజ బియ్యం కావాలి, బొంబా రకం దొరికితే ఇంకా మంచిది. ముందు నూనెలో మాంసం ఎర్రగా వేయించండి. తర్వాత కూరగాయలు, టమాటా, కొంచెం ఘాటు లేని ఎర్ర మిరప పొడి. నీళ్లు పోసి, ఉప్పు, కుంకుమపువ్వు వేసి అరగంట మరిగించండి. చివరికి పెనంలో సుమారు 1.2 లీటర్ల నీళ్లు మిగలాలి. ఇప్పుడు బియ్యం సమానంగా పరవండి. పది నిమిషాలు పెద్ద మంట, ఎనిమిది నిమిషాలు చిన్న మంట.

ఇక్కడి నుంచి నో గరిటె! కలిపితే గింజల్లోని పిండి బయటికొచ్చి అన్నం ముద్దవుతుంది. పెనం వెడల్పు కాబట్టి అన్నం పలచని పొరలా ఉంటుంది, కలపకపోయినా ఉడికిపోతుంది. మీ స్టవ్ మంట అంచులకి అందకపోతే పెనాన్ని తిప్పండి, అన్నాన్ని కాదు.

దించాక ఐదు నిమిషాలు ఆగండి. అడుగున కరకరలాడే పొర వస్తుంది, పేరు సొకర్రాత్. అది మాడు అనుకుని పడేయకండి ప్లీజ్! వాలెన్సియాలో ఆదివారం ఇంటిల్లిపాదీ పెనం చుట్టూ చేరితే, పోటీపడి గీక్కునేది దానికోసమే.

ట్రై చేస్తే సొకర్రాత్ వచ్చిందో లేదో కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!