తెల్లమచ్చకు మార్కులు
(షోలాపూర్ మహిళా కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఫోల్డింగులో గుడ్డ తనిఖీ చేసేటప్పుడు లోపం ఎంత పొడవుంది, ఎన్ని చోట్ల ఉంది అని లెక్కగట్టి పాయింట్లు వేస్తాం. తాను పాసయ్యేదీ, సెకండ్సులోకి పోయేదీ ఆ లెక్కను బట్టే. గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్షించే డాక్టర్లు కూడా ఇలాగే మార్కులు వేస్తారు. ఆ లెక్క మనకూ తెలియాలి.

ఈ క్యాన్సర్ ఒక్కరోజులో రాదు. హెచ్.పి.వి. అనే వైరస్ ఏళ్లతరబడి తిష్టవేసి పైపొరను చెడగొడుతుంది. ఆ దశలో నొప్పి ఉండదు. అప్పుడే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుంది.

కాల్పోస్కోపు అనే భూతద్దంతో చూస్తూ ఎసిటిక్ ఆమ్లం అద్దితే చెడిన చోటు తెల్లబడుతుంది. అయోడిన్ పూస్తే మంచి పొర ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, చెడినది పసుపుగా మిగులుతుంది. 1985లో వచ్చిన రీడ్ పద్ధతి నాలుగు విషయాలు చూస్తుంది: మచ్చ అంచు, రంగు, రక్తనాళాల తీరు, అయోడిన్ రంగు. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 8 మార్కులు. 5, ఆపైన వస్తే ముదిరిన మార్పని అనుమానం.

2005లో స్వీడన్ డాక్టర్లు తెచ్చిన స్వీడ్ స్కోరు మచ్చ సైజును కూడా చేర్చింది. 5 మిల్లీమీటర్ల లోపైతే సున్నా, 15 దాటితే 2. మొత్తం 10 మార్కులు. రంగును పోల్చడానికి ఆరితేరిన కన్ను కావాలి. సైజును కొత్త డాక్టరైనా కొలవగలరు. వారి పరిశోధనలో ముదిరిన మార్పులన్నీ 5, ఆపై మార్కుల్లోనే దొరికాయి. ముదిరిన మార్పు లేనివారిలో నూటికి 90 మందికి 8 కంటే తక్కువే వచ్చాయి. అందుకే 8 దాకా వస్తే, ముక్క పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు చికిత్స చేయవచ్చని వారు సూచించారు.

మనకిది కూలి సమస్య కూడా. పరీక్షకు ఒకరోజు, రిపోర్టుకు ఒకరోజు, చికిత్సకు ఇంకోరోజు. పీసు రేటు మీద బతికేవాళ్లకు మూడు రోజుల కూలి పోతుంది. రెండోసారి వెళ్లలేక ఆగిపోయిన స్త్రీకి మొదటి పరీక్ష ఏం మేలు చేసినట్టు?

అయితే మార్కులే తీర్పు కావు. తక్కువ మార్కులకే కోత పెడితే, ముందుముందు కాన్పు నెలలు నిండకుండా జరిగే ప్రమాదం పెరుగుతుంది. క్యాన్సరే అని అనుమానం వస్తే ముక్క పరీక్ష తప్పనిసరి.

మన జిల్లాలోని బార్శి క్యాన్సర్ ఆసుపత్రి పాల్గొన్న పరిశోధన 1999లో ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో మొదలైంది. 30-59 ఏళ్ల స్త్రీలు 1,31,746 మంది అందులో ఉన్నారు. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగిన పల్లెల్లో ఈ క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. పక్క జిల్లా పల్లెల్లో సాధ్యమైనది మన పేటల్లో ఎందుకు సాధ్యం కాదు?

మనం అడిగేవి మూడు. 30 ఏళ్లు దాటిన ప్రతి కార్మికురాలికీ పరీక్ష. ఆ రోజుకు కూలి. వేసిన మార్కులు రాసిన చీటీ ఆమె చేతికి. ఈ మూడూ సాధించేవరకు కలిసి నిలబడదాం!