గ్రహముల పరుగు - ప్రయాణ ముహూర్తము

ధర్మపురి రేవున, కాళేశ్వర సంగమమున, బాసర ఘట్టములలో గోదావరి పుష్కరస్నానము చేసినవారు మన శ్రోతలలో అనేకులు ఉందురు. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలకు ఎల్లగా పారిన ఈ నదికి 2003లో పుష్కరము వచ్చినది. మరల 2015లో వచ్చినది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి పుష్కరమని పంచాంగము చెప్పును. బృహస్పతి సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు 11.86 సంవత్సరములు పట్టును. అనగా, మన పెద్దలు పుష్కరము పేరిట ఒక గ్రహము నడకను తరతరములుగా లెక్కించుచునే వచ్చిరి.

బృహస్పతికి పండ్రెండేండ్లు పట్టగా భూమికి ఒక్క ఏడు చాలుటకు కారణమేమి? బృహస్పతి దారి పెద్దది, నడకయు మెల్లనిది. సూర్యునికి దూరమైన కొలది ఆకర్షణ తగ్గును, దానితోపాటు గ్రహవేగమును తగ్గును. ఈ లెక్కను 1619లో కెప్లరు ప్రకటించెను. శుక్రుడు సెకండుకు 35 కిలోమీటర్లు, భూమి దాదాపు 30, కుజుడు 24, బృహస్పతి 13 కిలోమీటర్ల చొప్పున పరుగిడుచున్నవి. కరీంనగరు నుండి ఆదిలాబాదునకు పక్షి ఎగురు దారిన సుమారు 150 కిలోమీటర్లు. అంతటి దూరమును మన భూమి అయిదు సెకండ్లలో దాటుచున్నది.

ఇక పొరుగు గ్రహమునకు ప్రయాణమనుకొందము. కుజుడు భూమికి మిక్కిలి చేరువగా వచ్చినపుడు నడుమ దూరము సుమారు అయిదున్నర కోట్ల కిలోమీటర్లు. ఆ దినమున సూటిగా పోయిన చాలునని తోచును. కాని గోదావరి నిండుగా పారునపుడు పడవవాడు ఎదుటి రేవునకు సూటిగా నడపడు. ప్రవాహమును లెక్కవేసి, ఎగువకు పోయి పడవ విప్పును. ఆకాశమున చిక్కు ఇంకను ఎక్కువ. అచట ఆవలి రేవు కూడ కదలుచున్నది.

భూమినుండి వెడలిన నౌకకు భూమి వేగము పుట్టుకతోనే వచ్చును. అదే దిశలో సెకండుకు మరి మూడు కిలోమీటర్ల వేగము చేర్చినచో, దాని దారి కోడిగ్రుడ్డువలె సాగి కుజుని కక్ష్యను తాకును. ఇది తక్కువ ఇంధనముతో పోవు దారి. దీనికి సుమారు 260 దినములు పట్టును. నౌక చేరునాటికి కుజుడును అచటికి రావలెను. కావున బయలుదేరునపుడు కుజుడు భూమికంటె సుమారు 44 డిగ్రీలు ముందు ఉండవలెను. ఈ ముహూర్తము 26 నెలలకొకమారు మాత్రమే వచ్చును.

2013 నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి వెడలిన మంగళయానమునకు ఈ ముహూర్తమే ప్రాణము. రాకెట్టు బలము ఒక్కసారిగా చాలనందున, నౌకను భూమిచుట్టు త్రిప్పుచు దశలవారీగా ఎత్తునకు పంపిరి. నవంబరు 11న లక్ష కిలోమీటర్లకు చేరవలసిన ఎత్తు 78 వేల వద్దనే నిలిచినది. మరునాడే యంత్రమును మరల మండించి ఆ లోటు తీర్చిరి. అదను తప్పియున్నచో 2016 వరకు వేచియుండవలసి వచ్చెడిది. డిసెంబరు 1న, అర్ధరాత్రి దాటిన పిమ్మట, నౌక భూమిని విడిచినది.

పిదప పెద్ద యంత్రము దాదాపు పదినెలలు నిద్రించినది. 2014 సెప్టెంబరు 24న అది మేల్కొని సుమారు 24 నిమిషములు మండి నౌక వేగమును తగ్గింపవలెను. లేనిచో నౌక కుజుని దాటిపోవును. అచటినుండి వార్త వచ్చుటకే పండ్రెండు నిమిషములు పట్టుచుండెను. జరుగునది జరిగిపోయిన పిదపనే ఇచటివారికి తెలియును. వార్త శుభమే అయినది. 65 కోట్ల కిలోమీటర్లకు పైగా నడచి, ఆరునెలల పనికని పోయిన ఆ నౌక ఏడేండ్లకు పైగా పనిచేసినది.

రేపు మనుష్యులే కుజునికి పోయినచో ఈ నియమము మరింత కఠినమగును. ఇదే మెల్లని దారిన పోయినవారు తిరుగు ముహూర్తమునకై అచటనే సంవత్సరమునకు పైగా వేచియుండవలెను. రాకపోకలు కలిసి రెండున్నర సంవత్సరములు దాటును. అన్నము, నీరు, గాలి అన్నియు ఆ లెక్కననుసరించి మోసికొనిపోవలసినవే.

కాబట్టి గ్రహము ఎంత దూరమని మాత్రమే అడిగిన చాలదు. ఎపుడు బయలుదేరవలెనని కూడ అడుగవలెను. పుష్కరమునకై పండ్రెండేండ్లు కాచుకొని, వచ్చిన దినములను జారవిడువని గోదావరి తీరవాసులకు ఈ మాట క్రొత్తది కాదని మేము తలచుచున్నాము.