గేదె వెనక గొర్రె

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో గేదెలూ గొర్రెలూ ఒకే బీట్లో తిరుగుతుంటాయి. అందులో తప్పేమీ లేదు, వరస తెలిస్తే చాలు.

గేదె నాలుకతో గడ్డిని చుట్టి తెంపుతుంది, కురచ గడ్డి దానికందదు. గొర్రె నేలకంటా కొరుకుతుంది. కాబట్టి ముందు గేదెల్ని తోలండి, వెనక మందని వదలండి. ముందే గొర్రెల్ని దించితే గేదెకు మిగిలేది మట్టే! గొర్రె పొట్టలోని ఏలికపాములు చాలావరకు పెద్ద గేదెలో నిలవవు, అదొక లాభం. కానీ కార్జపు జలగ రెంటికీ వస్తుంది. మున్నేటి మడుగుల పక్క, సాగర్ కాలవ గట్ల కింద నత్తలున్న తడి నేలలో మేపకండి.

అసలు ప్రమాదం దాణా దగ్గర. గేదెలకు పెట్టే ఖనిజ లవణాల పొడిలో రాగి ఎక్కువ. గేదె తట్టుకుంటుంది. గొర్రె కాలేయంలో అది నెలల తరబడి పేరుకుంటుంది. ఉన్నట్టుండి కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రబడి గొర్రె పడిపోతుంది. పాము కరిచిందేమో అనుకుంటాం! గొర్రెల లవణాలు వేరే కొనండి, తొట్టి కూడా వేరు చేయండి.

నీలి నాలుక వైరస్ గేదెలో పైకి కనబడకుండా ఉండొచ్చు. చిన్న దోమలు దాన్ని గొర్రెకు చేరవేస్తాయి. వానలకు ముందే టీకా వేయించి, రాత్రిళ్లు మందని ఈ దోమలు పెరిగే పేడదిబ్బకు దూరంగా కట్టండి.